పాటల పెట్టె: దాని నిర్మాణము

గత వేసవి సెలవులలో మేము మా యింట నొక పాటల పెట్టెను నిర్మించితిమి. దానిని చూచిన విద్యార్థులు కొందఱు దానిని గూర్చి మన పత్రికకు వ్రాయవలసినదిగా కోరిరి. పెట్టె చిన్నది, మేము ఇంజనీర్లము కాము, ఉపాధ్యాయులము మాత్రమే. అయినను దానిని చేయుటలో మేము నేర్చుకొన్నవి కొన్నియు, పొరపడినవి మఱికొన్నియు కలవు. అవి మన బాలబాలికలకును, వారి తలిదండ్రులకును పనికివచ్చునని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా దీని యవసర మేమో చెప్పవలయును. మా తల్లిగారికి డెబ్బది రెండేండ్లు. నీటికాసుల వ్యాధిచేత చూపు కొంచెము కొంచెముగా తఱిగి, నాలుగేండ్లనుండి వారికి వెలుతురునకును చీకటికిని గల భేదము తప్ప మఱేమియు తెలియదు. సంగీత మనిన వారికి ప్రాణము. విజయనగరమున పెరిగినవారగుటచేత ద్వారం వేంకటస్వామినాయుడుగారి వయొలిను మొదలు ఘంటసాలగారి పాటలవఱకు ఏదియో యొకటి వినని దినము లేకుండెను. చూపున్న కాలమున రేడియో త్రిప్పుకొనుచు, టేపు రికార్డరులో కాసెట్లు మార్చుకొనుచు తమకు కావలసినది తామే వినెడివారు. పిమ్మట టేపు రికార్డరు చెడిపోయెను. పాటలన్నియు ఫోనులోనికి చేరెను. ఫోను ముఖము నున్నని గాజు పలక. తడిమిన వ్రేలికి ఏ గుర్తును దొరకదు. కావున పాట కావలసినపుడెల్ల మనుమరాలిని పిలువవలసి వచ్చెను. కొన్నాళ్లకు పిలుచుట తగ్గెను. ఆ మీదట మానివేసిరి. ముదిమిచేత పాటలయందు కోరిక పోయినదేమో యని మేము తలంచితిమి. అది కాదు, ఒకరిని అడిగి వినుట వారికి కష్టమయ్యెను. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినందుకు సిగ్గుపడుచున్నాము.

మాటతో ఆజ్ఞాపించిన పాడెడు యంత్రము నొకదానిని కొని చూచితిమి. మా తల్లిగారి తెలుగు దానికి అర్థము కాలేదు. వారడిగినది యొకటి, అది పాడినది మఱొకటి. పైగా ఇంటర్నెట్టు లేనిదే దానికి నోరు పెగలదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను మన విశాఖపట్టణముమీద పడినప్పుడు కరెంటును ఫోనును లేక మనము గడపిన దినములను పెద్దలెవరును మఱచియుండరు. కావున పాటలు ఇంటిలోనే యుండవలెను, బ్యాటరీతో నడువవలెను, చేతితో తడిమి ఎన్నుకొనునట్లుండవలెను అని మూడు నియమములు పెట్టుకొని పనికి పూనుకొంటిమి.

ఇట్టి పెట్టెలు లోకమునకు క్రొత్తవి కావు. 2016లో జర్మనీ దేశమున టోనీబాక్స్ అను పేర పిల్లల పెట్టె యొకటి అమ్మకమునకు వచ్చెను. దాని నెత్తిపై చిన్న బొమ్మ నుంచినంతనే అది కథ చెప్పును, లేదా పాట పాడును. దానిని చూచి, చేతిపనియందు ప్రీతిగలవారు కొందఱు చవుక భాగములతో ఇంటియొద్దనే చేసికొను పద్ధతులను లోకమునకు ఉచితముగా వెల్లడించిరి. వానిలో టోన్యూనో, ఫోనీబాక్స్ అనునవి పేరొందినవి. మేము టోన్యూనో పద్ధతినే మా యవసరమునకు తగినట్లు మార్చుకొంటిమి.

పెట్టెను చూచిన ప్రతి విద్యార్థియు మొదట అడుగు ప్రశ్న యొకటి కలదు. ఇంత పలుచని చీటీలో అంత పాట యెట్లు పట్టినది? (చీటీ యని మేమనునది ఆర్.ఎఫ్.ఐ.డి. కార్డును. రేడియో తరంగములచే వస్తువును గుర్తించు విధానమునకు అది పొడి పేరు.) దీనికి జవాబు, పట్టలేదు అనుటయే. చీటీలో పాట లేదు. తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి గనుక మనమందఱ మెఱిగిన దానితో చెప్పెదము. ఆరాధన దినమున కీర్తనల సంఖ్యలను పలకమీద ఉంచుదురు గదా. ఆ పలకమీద రాగము లేదు, పదములు లేవు; సంఖ్య మాత్రమే యున్నది. సంఖ్యను చూచి మనము పుస్తకము తెఱచి పాడుదుము. చీటీ ఆ పలక వంటిది. పెట్టెలోని మెమరీ కార్డు పుస్తకము వంటిది. పూర్వపు గ్రామఫోను ప్లేటు ఇట్లు కాదు. అందు పాట ప్లేటు గాళ్లలోనే చెక్కబడి యుండెను. ప్లేటు పగిలిన పాటయు పోవును. ఈ భేదము మనస్సున నుంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఇక చీటీలో బ్యాటరీ లేదు, తీగ లేదు. అది తన సంఖ్యను ఎట్లు చెప్పును? ఇందులకు మూలము 1831లో మైకేల్ ఫెరడే కనుగొన్న విద్యుత్ప్రేరణము. పదవ తరగతివారు దీనిని చదివియే యున్నారు. చీటీని వెలుతురున కెదురుగా పట్టి చూచిన కొన్నిటిలో అంచుల వెంబడి పలుమాఱులు చుట్టిన సన్నని తీగయు, దాని కొనలయొద్ద ఆవగింజంత చిప్పును కనబడును. పెట్టె మూతక్రింద నుండు చదువరి పలకలోను ఇట్టి తీగచుట్టయే కలదు. దానియందు విద్యుత్తు సెకనుకు 1 కోటి 35 లక్షల 60 వేల సారులు అటునిటు ఊగుచుండును. అందువలన చుట్టును అయస్కాంత క్షేత్రము అదే వేగమున ఊగును. చీటీ ఆ క్షేత్రములోనికి రాగానే దాని తీగచుట్టయందు విద్యుత్తు పుట్టి చిప్పు మేల్కొనును. తినుటకు తెచ్చుకొన్న అన్నము లేదు. పెట్టినవారి యింటనే తిని, వారి కూలికే పని చేయుచున్నదన్నమాట.

మేల్కొన్న చిప్పు తన తీగచుట్టకు ఒక బరువును తగిలించుచు, తీయుచు నుండును. రేవు గోడమీద కూర్చుండి గాలము వేయువాడు నీటిలోని చేపను చూడడు. చేతిలోని దారము బరువెక్కుటను, తేలిక యగుటను బట్టి క్రింద జరుగుచున్నది తెలిసికొనును. చదువరి పలకయు అంతే. తాను పంపు శక్తిని ఎవరో లాగుచున్నారు, విడుచుచున్నారు అని కనిపెట్టి, ఆ లాగుడు విడుపుల వరుసను సంఖ్యగా చదివికొనును. ఇక్కడ దారము లేదు; అంతయే భేదము. సామాన్యపు తెల్ల చీటీలో ఈ సంఖ్య 32 ద్వ్యంకములు గలది. అట్టివి 429 కోట్లకు మించి వీలగును. మా యింటిలో పది బొమ్మలకు రెండింటికి ఒకే సంఖ్య తటస్థించునను భయము మాకు లేదు.

1948లో హారీ స్టాక్‌మన్ అను ఇంజనీరు ప్రతిఫలించిన శక్తిచేత వార్తను పంపుటను గూర్చి యొక వ్యాసము ప్రకటించెను. ఆర్.ఎఫ్.ఐ.డి. అను పేరుతో సంబంధము గల మొదటి పేటెంటు 1983లో చార్లెస్ వాల్టన్ అను నతనికి దొరకెను. నేడు ఈ విద్య మన చుట్టును నున్నదే. విదేశ వ్యాపారపు కంటెయినర్లకు ఇట్టి చీటీలు తగిలించి, అవి యెచ్చట నున్నవో కనిపెట్టు నేర్పాటును 2016లో ముంబయి దాపుననున్న జవహర్‌లాల్ నెహ్రూ రేవునందు మొదలిడి, తరువాత ఇతర రేవులకును వ్యాపింపజేసిరి. జాతీయ రహదారులపై సుంకపు గేట్లయొద్ద ఫాస్టాగు 2021 ఫిబ్రవరినుండి తప్పనిసరి యైనది. కారు అద్దమున కంటించిన ఫాస్టాగును గజముల దూరమునుండి చదువవచ్చును. అది వేఱు తరంగములతో పని చేయును. మా చీటీకి ఒకటి రెండంగుళముల దూరమే మేర. పాటల పెట్టెకు ఈ కొఱతయే మేలు. లేనిచో గూటిలో నున్న బొమ్మలన్నియు ఒక్కసారిగా జవాబు చెప్పును.

పనికి కావలసినవి ఐదే. ఆర్.సి. 522 అను చదువరి పలక, ఆర్డుయినో నానో అను అఱచేతిలో సగమైన లేని చిన్న కంప్యూటరు, డి.ఎఫ్. ప్లేయరు అను పాడెడు ముక్క, దానిలో నమర్చు మెమరీ కార్డు. మూడు వాట్ల స్పీకరు. అన్నియు కలసి రమారమి వేయి రూపాయలలో వచ్చినవి. చదువరి పలకకు ఎనిమిది కొనలుండగా ఏడింటికే తీగ కలుపవలయును. దాని విద్యుత్తు కొనను 3.3 వోల్టులకే కలుపవలెను. 5 వోల్టులకు కలిపినచో చెడును. డి.ఎఫ్. ప్లేయరులోనికి వార్త వచ్చు తీగలో ఒక కిలో ఓము రెసిస్టరు నుంచవలెను. మేము దానిని అనవసరమని మానితిమి. పాట వెనుక తుమ్మెద యొకటి ఎడతెగక మ్రోయుచుండెను. మా తల్లిగారు విని, "నాయనా, ఇది పాటా, పిండిమరా?" అనిరి. ఆనాడే రెసిస్టరు తెచ్చి వేసితిమి.

మెమరీ కార్డులో పాటల నమరిక కూడ చెప్పదగినది. సంచులకు 01, 02 అనియు, వానిలోని పాటలకు 001, 002 అనియు పేరు పెట్టవలెను. అట్లు చేయక ఊరక పాటలను కార్డులో పోసినచో, ఈ ముక్క పేరుల వరుసను గాక అవి కార్డులోనికి ఎక్కిన వరుసను పాటించును. మొదటి దినమున వయొలిను కోరిన ఘంటసాలగారు పాడుటకు కారణ మిదియే.

పెట్టె విషయమున మేము చేసిన తప్పు అన్నిటికంటె పెద్దది. ఉక్కు నగరవాసులమగుటచేతనో యేమో, ఇంటిలో నున్న గట్టి రేకు బిస్కత్తుల డబ్బాను తీసికొని, మూతక్రింద చదువరి పలకను బిగించితిమి. బల్లమీద చక్కగా పని చేసిన యంత్రము డబ్బాలో ఒక్క చీటీని గూడ గుర్తింపలేదు. తీగ యేదో ఊడినదని రెండు దినములు వెదకితిమి. తీగలన్నియు సరిగానే యున్నవి. ఊగుచున్న అయస్కాంత క్షేత్రము లోహపు రేకును తాకినప్పుడు రేకులో సుడి విద్యుత్తు పుట్టి, తన క్షేత్రముతో దాని నెదిరించును. చదువరి పంపిన శక్తి యంతయు మూతతోనే ముగిసిపోయి, పైనున్న చీటీకి ఏమియు చేరలేదు. పిమ్మట వడ్రంగిచేత పలుచని టేకు పలకలతో పెట్టె చేయించితిమి. కఱ్ఱ ఈ తరంగములకు అడ్డు కాదు. స్పీకరు వెనుకనుండు అయస్కాంతమును దాని యినుప చట్రమును గూడ చదువరికి జానెడు దూరమున నుంచితిమి.

ఇంత చేసిన తరువాత మాకు తోచిన సంగతి యొకటి కలదు. చీటీలన్నియు ఒక్క తీరుగనే యున్నవి! చూపున్నవారు వానిమీద బొమ్మ యంటించి గుర్తించుకొందురు. చూపులేనివారికి చీటీయు ఫోను గాజువంటిదే. మా నియమములలో ముఖ్యమైనదానిని మేమే మఱచితిమి. అప్పుడు అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామపు లక్క బొమ్మలు జ్ఞప్తికి వచ్చెను. ఆ బొమ్మలను అంకుడు కఱ్ఱతో తరిమెన పట్టి, లక్కతోను సహజమైన రంగులతోను మెఱుగు పెట్టుదురు. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. తేలిక కఱ్ఱ, లోహము లేదు, ఆకారము లొకదానితో నొకటి కలియవు. ఒక పక్షిని, బొంగరమును, చిన్న కుండను, రెండెడ్ల బండిని, మఱి కొన్నింటిని తెచ్చి, వాని అడుగున రూపాయి బిళ్లంత గుండ్రని చీటీ నొక్కొక్కటి అంటించితిమి. ఇవి చిన్నవి గనుక అంగుళమునకు లోపుననే పలుకును. అందుచేత పెట్టె మూతపై పళ్లెమువలె కొద్దిగా గుంట తీయించితిమి. చేతికి చోటు తెలియును, బొమ్మ ప్రక్కకు జరుగదు.

ఏ బొమ్మకు ఏ పాట యనునది మా తల్లిగారే నిర్ణయించిరి. మేము ముందుగా తయారుచేసిన పట్టికను వారు విని త్రోసివేసిరి. పక్షి ఘంటసాలగారిది, బొంగరము వయొలినుది.

బొమ్మను తీసినంతనే పాట ఆగవలెనని గూడ వారే కోరిరి. గ్రామఫోను ముల్లు ఎత్తినట్లుండవలెనట. ఇది వినుటకు చిన్న కోరిక. చేయుటకు మాకు వారము పట్టెను. చదువరి చీటీలను పిలుచుటలో రెండు పిలుపులున్నవి. ఒకటి క్రొత్తగా వచ్చినవారిని మాత్రమే పిలుచునది. సంఖ్య చెప్పి ముగించిన చీటీ నిద్రపోవును. అది ఆ పిలుపునకు మఱల పలుకదు. మేము ఆ పిలుపునే వాడుచుంటిమి గనుక, బొమ్మ కూర్చుండియే యున్నను పెట్టె అది లేదనుకొని పాట నాపుచుండెను. నిద్రపోవువారిని గూడ లేపు రెండవ పిలుపు నుపయోగించిన తరువాత చక్కబడెను. అప్పటికిని ఎప్పుడో యొకసారి జవాబు తప్పుచుండుటచేత, వరుసగా మూడుసారులు పలుకనప్పుడే బొమ్మ తీసిరని యెంచునట్లు వ్రాసితిమి. తరగతిలో హాజరు తీయునప్పుడు మేము పాటించు దయయు ఇదియే.

బ్యాటరీకొఱకు ఫోనులకు వాడు పవర్ బ్యాంకును తగిలించితిమి. పాట లేనప్పుడు పెట్టె తీసికొను విద్యుత్తు మిక్కిలి కొంచెమగుటచేత, కొన్ని పవర్ బ్యాంకులు ఎవరును లేరనుకొని తమంతట ఆరిపోవును. కొనునప్పుడు ఈ సంగతి విచారింపవలెను. సముద్రపు గాలికి మన ఊరిలో లోహపు కొనలు త్రుప్పు పట్టుట అందఱికిని తెలిసినదే. చీటీ దేనిని ఒరయనక్కఱలేదు గనుక ఆ బాధ దానికి లేదు. తీగలు కలిపినచోట్ల మాత్రము గుచ్చి యుంచక టంకము వేయవలయును.

ఒక విద్యార్థి తన ఫోనును పెట్టెమీద పెట్టి చూచెను. అది ప్రతిసారియు వేఱువేఱు సంఖ్య చెప్పెను; ఎవరును తన్ను వెంటాడకుండ ఫోను చేయు ఉపాయమది. మఱొకడు ఇట్టి చీటీతో ఇంటి తలుపునకు తాళము చేయవచ్చునా యని యడిగెను. వలదని మా మాట. సంఖ్యను మాత్రమే నమ్ము తాళమును, ఆ సంఖ్యను మఱొక చీటీలోనికి ఎత్తి వ్రాసికొన్నవాడు తెఱవగలడు. మైఫేర్ క్లాసిక్ అను ప్రసిద్ధమైన చీటీ రహస్యలిపిని గూడ నెదర్లాండ్సులోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ఛేదించిరి. మా పెట్టెను మోసపుచ్చినవానికి దొరకునది ఒక పాట. దానికి మాకు చింత లేదు.

వర్షాకాలమున ఒకనాడు పక్షి క్రిందపడి ముక్కు విరిగెను. మేము పాఠశాలనుండి వచ్చునప్పటికి మా తల్లిగారు దానిని ఒడిలో పెట్టుకొని యుండి, "పాట పోయినదా?" అని యడిగిరి. విద్యార్థులకు పలుమాఱులు చెప్పిన మేము, ఇంటిలో వారికి ఈ సంగతి చెప్పనే లేదు. వారు ప్లేట్ల కాలమువారు; పగిలినదానితో పాట పోవుననియే యెఱుగుదురు. పక్షి అడుగునున్న చీటీని ఊడదీసి, ఒక దారపు రీలుకు అంటించి వారి చేతికిచ్చితిమి. వారు దానిని మూతపై నుంచిరి. పాట వచ్చెను. తీసిరి, ఆగెను, మఱల ఉంచిరి. అటులే పది పదునైదు సారులు చేసిరి. చీటీయే పోయినను క్రొత్త చీటీ సంఖ్యను ఆ సంచికి చెప్పిన చాలునని వివరించితిమి. అందులకు వారు, "అయితే దేనిలోనిది పోయిన పాట పోవును?" అనిరి. మా విద్యార్థులలో నొక్కరును అడుగని ప్రశ్న యిది. మెమరీ కార్డు చెడినచో అన్నియు పోవును.

వారి మనస్సులో నున్నది రెండెడ్ల బండి. మా తండ్రిగారు రేవులో గుమాస్తాగా నుండినవారు. 2003లో కాలము చేసిరి. సాయంకాలములందు హార్మోనియము వాయించుచు పాడెడివారు. 1994లో నేమో ఎవరో పట్టిన ఒక కాసెట్టులో వారి గొంతు కలదు, మఱెచ్చటను లేదు. ఈ పని ప్రారంభించినప్పుడు ఆ కాసెట్టును తీసి చూడగా టేపుమీద తెల్లని బూజు. మా పట్టణపు తేమలో పెట్టెలో మూసి యుంచిన కాసెట్ల గతి యిదియే. ఆతురతతో ఒకసారి విని చూతమని మాకు తోచినమాట నిజము. మరమ్మతు చేయు పెద్దమనిషి మమ్ము వారించెను. బూజు పట్టిన టేపు ఒక్కసారి తిరిగి తెగవచ్చును. కావున తిరుగు మొదటిసారియే దానిని కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెనని యతడు చెప్పెను. అతడే బూజు తుడిచి, టేపును క్రొత్త గుల్లలోనికి మార్చి, తీగ తగిలించి త్రిప్పెను. నలువది నిమిషములలో రెండుచోట్ల మాత్రము ధ్వని మునిగినది. చివర మా తండ్రిగారు పాట ఆపి, ఎవరినో మంచినీళ్లు అడుగుట వినవచ్చును. దానిని కత్తిరింపవలదని మా తల్లిగారు చెప్పిరి.

బండియే దానికి తగునని వారు కోరిరి; బొమ్మలలో మఱి దేనితోను అది పొరపడదట. తల్లిగారి ప్రశ్న విన్న మఱునాడే ఆ కాసెట్టు ప్రతిని మూడుచోట్ల భద్రపఱచితిమి: కంప్యూటరులో నొకటి, వేఱొక మెమరీ కార్డులో నొకటి, అనకాపల్లిలోని మా సోదరి యింట నొకటి. తలిదండ్రులు ఎవరి యింటనైనను పెద్దల గొంతు గల కాసెట్లున్నచో, పెట్టెను చేయించుకొన్నను మానినను, ఆ పనిని ఈ వర్షాకాలమునకు ముందే చేయింపవలసినదిగా కోరుచున్నాము.

మా పెట్టెలో ఇంకను ఒక కొఱత కలదు. ధ్వనిని హెచ్చించు మీట సన్నగా నుండి వారి వ్రేళ్లకు చక్కగా అందుటలేదు. పాత రేడియోకు నుండినట్టి లావుపాటి గుండ్రని మీట కొఱకు వెదకుచున్నాము. ఇట్టి పెట్టెను చేసి చూడగోరు ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు శనివారము మధ్యాహ్నము విజ్ఞానశాస్త్రపు గదికి రావచ్చును. చదువరి పలకలు రెండు మా యొద్ద నున్నవి. పెట్టెను ఎవరిది వారే తెచ్చుకొనవలెను. రేకు డబ్బా మాత్రము తేవలదు.